ఇంటి మనిషి దుబాసీ కాకూడదు

(బిలాస్‌పుర్ రైల్వే కాలనీ స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం. కుటుంబం కోరినందువల్ల, ఎవరి స్మృతిలో ఈ సభ జరిగిందో ఆ నర్సుగారి పేరు అచ్చులో వేయడం లేదు.)



రతన్‌పుర్ మహామాయ అమ్మవారి దర్శనానికి వెళ్ళే దారిలో కోనీ దాటాక సేంద్రి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడే ఉంది. బస్తర్ నుంచీ సర్గుజా నుంచీ కూడా రోగుల్ని అక్కడికి తీసుకొస్తారు. మనకైతే ఆటోలో వెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకి తిరిగొచ్చే దూరం. మరి మన ఇళ్ళల్లో ఎవరికైనా మతి నిలకడ తప్పితే మనం ఏం చేస్తాం? పాస్ రాయించుకుంటాం. కోర్బా–విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి చినవాల్తేరు ఆసుపత్రికి వెళ్తాం. పక్క క్వార్టరు వాళ్ళడిగితే ఊళ్ళో పెళ్ళుందని చెప్తాం.

ఎందుకలా అని అడిగితే పెద్దవాళ్ళు రెండు జవాబులు చెప్తారు. ఒకటి, అక్కడ డాక్టరు తెలుగులో మాట్లాడతాడు. రెండు, అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరు. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నాయి, గమనించారా? మన బాధ వినడానికి తెలుగు చెవి కావాలి, కాని ఆ చెవి పక్కన తెలుగు నోరు ఉండకూడదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ చిక్కుముడి గురించే.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఈ సభకి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా పిల్లలు కూడా కూర్చున్నారు కాబట్టి రెండు మాటలు. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగ్‌పుర్ నుంచి అసన్సోల్ దాకా లైను 1891కి పూర్తయింది, బిలాస్‌పుర్ ఆ లైను మీద జంక్షనయింది. మన ఉత్తర కోస్తా కూడా అదే కంపెనీ కిందికి వచ్చింది. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా కొండల్లోంచి లైను కలిశాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకి బిలాస్‌పుర్ ఒక రాత్రి దూరమైంది. గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, లోకో షెడ్డులో ఫిట్టర్లుగా వచ్చారు మన తాతలు. ఖరగ్‌పుర్‌లో, టాటానగర్‌లో, చక్రధర్‌పుర్‌లో, నాగ్‌పుర్‌లో కనిపించే తెలుగు కాలనీల కథ కూడా ఇంచుమించు ఇదే. 2003లో బిలాస్‌పుర్ జోనల్ కేంద్రమయ్యేసరికి మన ఇళ్ళలో మూడో తరం, నాలుగో తరం వచ్చేసింది. వాళ్ళకి హిందీ తల్లిపాలంత తేలిక.

అందుకే ‘మనకి భాషా సమస్య ఎక్కడుంది’ అని కుర్రాళ్ళు అడుగుతారు. వాళ్ళకి లేదు. వాళ్ళ అమ్మమ్మకి ఉంది. పలాస దగ్గర పల్లె నుంచి నిరుడు కాపురానికొచ్చిన వదినకి ఉంది. ముప్ఫై ఏళ్ళు కంట్రోలర్‌తో హిందీలో పోట్లాడి రిటైరైన తాతకి కూడా ఉంది. సిగ్నల్ గురించి, డ్యూటీ గంటల గురించి ఆయన అనర్గళంగా మాట్లాడతాడు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని గోడ వంక ఎందుకు చూస్తున్నాడో చెప్పడానికి మాత్రం ఆ హిందీ పనికిరాదు.

అప్పుడు డాక్టరు గదిలో మాట మోసేది, అంటే దుబాసీ అయ్యేది, ఇంట్లో హిందీ బాగా వచ్చిన మనిషి. అంటే కొడుకో, భర్తో, చాలాసార్లు తొమ్మిదో తరగతి చదివే పిల్లో.

ఇక్కడే, ఇవాళ మనం తలచుకుంటున్న సిస్టరమ్మ గురించి చెప్పాలి. ఆవిడది కేరళ. నర్సు ఉద్యోగానికి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెలుగు నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ప్రసూతి వార్డులో మన ఆడవాళ్ళ దగ్గర. అందుకే ఆవిడ మాటలో మలయాళం యాస మీద శ్రీకాకుళం యాస ఎక్కి కూర్చునేది. ‘ఎలగున్నావమ్మా’ అని పలకరిస్తే కొత్తవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయేవారు. రిటైరయ్యాక కూడా ఎవరైనా అడిగితే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళేవారు. గది గుమ్మం దగ్గర ఆవిడ చేసే పని ఒకటుండేది. వెంట వచ్చిన కొడుకుతోనో మొగుడితోనో, ‘బాబూ, నువ్వెళ్ళి టీ తాగిరా’ అనేవారు. వాళ్ళు వెళ్ళేదాకా లోపలికి అడుగుపెట్టేవారు కాదు.

ఆ టీ విలువ ఎంతో ఆవిడే చెప్పిన ఒక సంగతితో తెలుస్తుంది. ఆనవాళ్ళు మార్చి చెప్తున్నాను. కాన్పయి నెల తిరగని ఒక కోడలు. అత్తగారు తీసుకొచ్చింది. అత్తగారి హిందీలో డాక్టరుకి అందిన సమాచారం ఇది: నిద్ర పట్టడం లేదు, అన్నం తినడం లేదు, పాలు సరిగా పడటం లేదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బలానికి టానిక్కు రాసిచ్చారు. రెండోసారి సిస్టరమ్మ తోడు వెళ్ళి అత్తగారిని టీకి పంపారు. అప్పుడా పిల్ల చెప్పింది, ‘బిడ్డనెత్తుకుంటే చెయ్యి వదిలేస్తానేమోనని భయమేస్తంది, అందుకే ముట్టుకోడం మానేశాను’ అని. అత్తగారి ముందు ఏ కోడలు ఈ మాట అంటుంది? అన్నా ఏ అత్తగారు దాన్ని పరాయి మగాడికి హిందీలో చెప్తుంది? కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు చాలామందికి వచ్చేదే, వైద్యంతో తగ్గేదే. ఆ మాట డాక్టరు చెవిన పడ్డాక ఆమెకి తగిన మందు దొరికింది.

నాకు ఎక్కువ జాలి ఆ తొమ్మిదో తరగతి పిల్ల మీద. ‘మీ అమ్మకి చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, అడుగు’ అంటాడు డాక్టరు. తప్పదు, అది ఆయన అడిగి తీరాల్సిన ప్రశ్న. పద్నాలుగేళ్ళ పిల్ల తన తల్లిని ఆ ప్రశ్న అడగాలి. తల్లి ఏం చెప్తుంది? ‘లేదని చెప్పమ్మా’ అంటుంది. ఆ పిల్ల లేదని చెప్తుంది. ఒకవేళ తల్లి తలకి దెబ్బ ఎలా తగిలిందన్నది ప్రశ్నయితే, కొట్టిన తండ్రి బయట బెంచీ మీదే కూర్చుని ఉంటాడు.

దుబాసీ ముందు రోగి నోరు విప్పడన్న సంగతిని డెబ్భై ఏళ్ళ కిందటే కాగితం మీద పెట్టినవాడు ఫ్రాంజ్ ఫానన్. మార్టినీక్ ద్వీపంలో పుట్టిన నల్లజాతి డాక్టరు. 1953లో అల్జీరియాలో బ్లిదా మానసిక వైద్యశాలకి వెళ్ళాడు. ఐరోపా స్త్రీల వార్డులో ఆయన పెట్టిన పత్రిక, సినిమా, పండుగలు బాగా పనిచేశాయి. అవే పద్ధతులు అల్జీరియా ముస్లిం మగవాళ్ళ వార్డులో పెడితే ఎవరూ దగ్గరికి రాలేదు. తప్పు రోగులదని చేతులు దులుపుకోకుండా, 1954లో సహచరుడు అజూలేతో కలిసి, తమ పద్ధతే తప్పని రాశాడు. వాళ్ళు పట్టుకున్న కారణాల్లో దుబాసీ ఒకడు. ఫానన్‌కి అక్కడి భాష రాదు. దుబాసీ లేనిదే రోగితో మాట నడవదు. కాని ఆ రోగికి దుబాసీ అనేవాడు అంతకుముందు తారసపడింది కచేరీలో, కోర్టులో. సర్కారు పక్కన నిలబడ్డ మనిషి ఇప్పుడు డాక్టరు పక్కన నిలబడ్డాడు. రోగి నోరు మూసుకోక ఏం చేస్తాడు? ఆ తర్వాత వాళ్ళు వార్డులో అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం కాఫీ కొట్టు పెట్టారు, వాళ్ళ పండుగలు జరిపారు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు.

అల్జీరియాలో దుబాసీ సర్కారు మనిషి, మన దగ్గర ఇంటి మనిషి. రోగి మాత్రం రెండు చోట్లా ఒకే పని చేస్తున్నాడు.

తెల్లవాళ్ళ దేశాల్లో నల్లవాళ్ళకీ వలస వచ్చినవాళ్ళకీ మనసు వైద్యం ఎలా అందించాలన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. అందులో నాకు నచ్చిన ఉదాహరణ న్యూయార్క్‌లోది. 1946లో హార్లెంలో ఒక నల్లజాతి చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ తెరిచారు. ఫ్రెడరిక్ వెర్థమ్ అనే డాక్టరు నడిపాడు, రచయిత రిచర్డ్ రైట్ వెనక నిలబడ్డాడు. వారంలో రెండు సాయంత్రాలు. ఫీజు పాతిక సెంట్లు, అదీ ఇవ్వగలిగితేనే. డాక్టర్లు జీతం లేకుండా పనిచేశారు. పన్నెండేళ్ళు నడిచింది. పెద్ద భవనం కట్టాక చూద్దాం అని వాళ్ళు ఆగలేదు, దొరికిన గదిలో మొదలుపెట్టారు. అలాంటి గది మనకీ ఉంది. మన తెలుగు సమాజం హాలు వెనక గదిలో ఇప్పుడు షామియానాలూ వినాయకుడి మండపం కర్రలూ ఉన్నాయని అందరికీ తెలుసు.

ఇక మన రాష్ట్రం సంగతి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద లక్ష జనాభాకి ఆత్మహత్యలు 12.4, ఛత్తీస్‌గఢ్‌లో 28.2. రెట్టింపు కన్నా ఎక్కువ. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఆ సర్వే దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, వాళ్ళలో అత్యధికులకి వైద్యం అందడం లేదనీ తేల్చింది. ఈ లెక్కలు రాష్ట్రాల వారీగా, ఊరూ పట్నాల వారీగా ఉంటాయి. రైల్వే క్వార్టర్లో తెలుగు మాట్లాడే ఇల్లు వాటిలో విడిగా కనపడదు.

రైల్వే ఉద్యోగికి ఇంకో భయం ఉంది. మన దగ్గర ‘సైకో’ అంటే ఒకటే, అసిస్టెంట్ లోకో పైలట్ల భర్తీలో పెట్టే సైకో టెస్టు. ఆ మాట వినగానే పాసా ఫెయిలా అన్నదే గుర్తొస్తుంది. ఇంజిన్ నడిపేవాడు మానసిక వైద్యుడి దగ్గరికెళ్ళాడని తెలిస్తే మెడికల్‌లో దించేస్తారు, డీకేటగరైజ్ చేసి ఆఫీసులో కూర్చోబెడతారు, మైలేజీ పోతుంది. ఇదీ లెక్క. అందుకని పట్టాల మీద మనిషి పడ్డ రాత్రి కూడా మెమో ఇచ్చి బండి ముందుకి నడిపించుకుపోతారు, ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పరు. బండి కింద పడ్డవాడి గురించి మర్నాడు పేపర్లో వస్తుంది, బండి నడిపినవాడి గురించి ఎక్కడా రాదు. మత్తు తెచ్చే మందులు వాడుతూ ఇంజిన్ నడపమని నేను చెప్పడం లేదు. అలా నడపకూడదన్నది ప్రయాణికుల ప్రాణాలకి సంబంధించిన నిబంధన, ఉండాల్సిందే. కాని భయపడేవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 20 ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి పనికిరాకపోతే అదే జీతం స్కేలుతో ఇంకో పనిలో పెట్టాలి. ఆ చట్టం లెక్కించే వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది. మైలేజీ పోవచ్చు. కుటుంబం మాత్రం రోడ్డున పడదు.

ఇంకో చిక్కు మెడికల్ కార్డు. ఇరవై ఒకటి దాటి చదువు ఆపేసిన కొడుకు పేరు సాధారణంగా కార్డులోంచి పోతుంది. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు చాలామంది మగపిల్లల్లో మొదటిసారి బయటపడేది సరిగ్గా ఆ వయసులోనే. అసమర్థుడని రైల్వే డాక్టరు సర్టిఫికేట్ ఇస్తే మళ్ళీ చేర్పించే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ సర్టిఫికేట్ అడగడానికి సిగ్గుపడి అయిదారేళ్ళు సొంత డబ్బుతో, మధ్యలో బైగాల చుట్టూ గునియాల చుట్టూ తిరిగిన ఇళ్ళు నాకు తెలుసు. మంత్రగాళ్ళని తిట్టడం నాకిష్టం లేదు. వాళ్ళు కనీసం కూర్చోబెట్టి వింటారు. అయితే ఒక ఆడమనిషిని టోన్హీ అని, అంటే చేతబడి చేస్తుందని, వేలెత్తి చూపించిన క్షణం అది నేరం. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది. తెలుగు ఇళ్ళకి అది వర్తించదని ఎవరూ అనుకోవద్దు.

చట్టాల మాట వచ్చింది కాబట్టి, ఈ ఉపన్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో సెక్షన్ 22 గుర్తుపెట్టుకోండి. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. రోగికి తన జబ్బు గురించీ వైద్యం గురించీ అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుందది. ఇది దయ కాదు, హక్కు. పక్కనే సెక్షన్ 23, గోప్యత. ఆత్మహత్యకి ప్రయత్నించినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి తప్ప కేసు పెట్టి శిక్షించకూడదని సెక్షన్ 115. రైల్వే పోలీసుల భయంతో ఇంట్లోనే కక్కించి పడుకోబెట్టేవాళ్ళు ఈ మాట విని తీరాలి. విషం మింగినవాణ్ణి దాచిపెడితే గంటల్లో ప్రాణం పోతుంది. బీమా కంపెనీలు ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మనసు జబ్బులకీ ఇవ్వాలని కూడా ఇదే చట్టం చెప్తోంది. ఇన్ని ఉన్నా, సేంద్రి ఆసుపత్రిలో సిబ్బంది కొరత మీద మన ఊరి హైకోర్టే తనంత తానుగా కలగజేసుకోవలసి వచ్చింది. కాబట్టి దుబాసీని ఆసుపత్రే ఏర్పాటు చేస్తుందని ఎదురుచూస్తూ కూర్చునే పరిస్థితి లేదు.

ఫోను ఉంది కదా అంటారు. ఉంది. 14416, టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, ఇరవై భాషల్లో తెలుగు ఒకటి. ప్రతి ఇంటి తలుపు వెనక ఈ నంబరు రాసిపెట్టుకోండి. కాని రెండు గదుల క్వార్టర్లో, అత్తగారు వంటింట్లో, మరిది టీవీ ముందు ఉండగా కోడలు ఎక్కడ నిలబడి మాట్లాడుతుంది? బాత్రూములో నీళ్ళు వదిలి మాట్లాడాలా? ఫోను ఆమె చేతిలో ఉంది, చోటే లేదు. హాలు వెనక గది ఖాళీ చెయ్యమని నేను అడిగేది ఇందుకే. బోర్డు పెట్టొద్దు. ‘మానసిక సహాయ కేంద్రం’ అని బోర్డు పెట్టిన రోజున ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. పింఛను కాగితాలు నింపిపెట్టే చోటు అనండి. నిజంగానే పింఛను కాగితాలు కూడా నింపండి.

ఆ గదిలో కూర్చునేది ఎవరు? జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006 నుంచి ఒక పని చేస్తున్నాడు. దేశంలో మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. బస్సు చార్జీ లేక ఆసుపత్రికి రాలేకపోయిన తన రోగి ఒకామె ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత ఆయన హరారేలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీలు వేయించి, ఊళ్ళో అవ్వలకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. కుంగుబాటుకి ఆ అవ్వల పద్ధతి బాగా పనిచేస్తుందని 2016లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధన తేల్చింది. గోవాలో కూడా మామూలు మనుషులకి శిక్షణనిచ్చి ఇలాంటి పనే చేశారు. తీవ్రమైన జబ్బుకి మాత్రం అవ్వ చాలదు, మందు కావాలి, డాక్టరు కావాలి. అవ్వ పని అక్కడిదాకా తీసుకెళ్ళడం.

అయితే హరారే బెంచీని తెచ్చి మన కాలనీలో వేస్తే పనిచేస్తుందా? నాకు నమ్మకం లేదు. మన అవ్వలు మంచివాళ్ళే, కాని అందరూ ఒకరికొకరు వియ్యాలవారు. ఇవాళ బెంచీ మీద చెప్పింది రేపు బుధవారీ బజారులో వంకాయల బేరం మధ్య వినిపిస్తుంది. పిల్ల పెళ్ళి చెడుతుంది. సిస్టరమ్మకి ఆడవాళ్ళు ఎందుకు చెప్పుకున్నారో ఆలోచించండి. ఆవిడకి తెలుగు వచ్చు, తెలుగు చుట్టరికం లేదు. విన్నది మోసుకెళ్ళడానికి ఆవిడకి తెలుగు చుట్టాల ఇల్లే లేదు.

మళ్ళీ అలాంటి మలయాళీ సిస్టరమ్మ దొరికేదాకా కూర్చోలేం కాబట్టి నా సూచన ఇది. భిలాయిలో ఉక్కు కార్ఖానా తెలుగువాళ్ళున్నారు. రాయపూర్ రైల్వే కాలనీలో ఉన్నారు. ఖరగ్‌పుర్‌లో ఉన్నారు. బిలాస్‌పుర్ రోగికి భిలాయి మనిషి ఫోను మీద దుబాసీగా ఉండాలి. భిలాయి రోగికి బిలాస్‌పుర్ మనిషి ఉండాలి. పేరు అడగక్కర్లేదు, ఇంటిపేరు అసలే అడగకూడదు. మన వాళ్ళు ఇంటిపేరు వింటే మూడు నిమిషాల్లో మేనత్తని పట్టేస్తారు. డాక్టరు బల్ల మీద ఫోను పెట్టి, ఇంటివాళ్ళని టీకి పంపి, అటు నుంచి తెలుగు, ఇటు నుంచి హిందీ. రిటైరైన నర్సులు, టీచర్లు, స్టేషన్ మాస్టర్లు ఈ పనికి సరిపోతారు. విన్నది విన్నట్టు చెప్పడం, కలపకపోవడం, తీసెయ్యకపోవడం, సలహా ఇవ్వకపోవడం, ఇవి నేర్పించాలి. చివరిది మనవాళ్ళకి చాలా కష్టం, నాకు తెలుసు.

కార్యదర్శిగారు పొద్దున నన్ను ఖర్చు ఎంతవుతుందని అడిగారు. గదికి సున్నం, రెండు కుర్చీలు, తలుపుకి లోపలి గడియ, ఒక ఫోను. వినాయక చవితి చందాలో మైకు సెట్టుకి పెట్టేదానిలో సగం కూడా కాదు. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది మాత్రం కమిటీ ఇవాళే తేల్చాలి. కమిటీలో ఎవరి దగ్గరా ఉండకూడదని నా అభిప్రాయం. వాచ్‌మన్ ఒడియా అబ్బాయి, అతనికివ్వండి.